ఉండాడా, ఉండడా

స్పెషల్ బ్రాంచిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు పెనుకొండలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి అడగదలచుకున్నది అడుగుతారు. "సార్, ఎంక్వైరీకి పోతే ఎదుటోడు నిజం చెప్తాండాడో అబద్ధం చెప్తాండాడో ఎట్ల కనుక్కోవాల?" చాలాసార్లు కనుక్కోలేమని చెబితే వాళ్లకు నచ్చదు. నా దగ్గర ఏదో కిటుకు ఉందని, దాచిపెడుతున్నానని అనుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

దొంగల్ని పట్టుకునే పోలీసు ఉద్యోగం నేను చేసింది తక్కువ. ఏఎస్సైగా రిటైరయ్యేదాకా ఎక్కువ కాలం గడిచింది పాస్‌పోర్టు, వీసా విచారణల్లోనే. వాటిలో కష్టమైనవి, పరాయి దేశం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోతామని అర్జీ పెట్టుకున్నవాళ్లవి. వాళ్లు అప్పటికే మన మధ్య ఉంటారు. మన సంతలో కూరగాయలు కొంటుంటారు. మన అమ్మాయినో అబ్బాయినో పెళ్లి చేసుకుని ఉంటారు. ఎక్కడో ఢిల్లీలో సంతకం పెట్టే అధికారికి వాళ్ల మొహం తెలియదు. గడప దాకా వెళ్లి చూసి వచ్చేది మాలాంటి వాడొక్కడే. ఈ మనిషి నిజంగా ఇక్కడ కాపురం ఉంటున్నాడా, ఉన్నట్టు నటిస్తున్నాడా అన్నదే మేం చెప్పాలి. మా మాట తప్పయితే ఒక మోసగాడు దేశంలో పాతుకుపోతాడు, లేదా ఒక నిజమైన మొగుడు పెళ్లాన్ని వదిలి విమానం ఎక్కుతాడు.

అనుమానం సంగతి

నేను విశ్వాసిని. మా నాయన చర్చిలో సంఘ పెద్ద. ఆదివారం వాక్యం కంఠతా అప్పచెప్పనిదే మా అమ్మ అన్నం పెట్టేది కాదు. దేవుని గురించి నాకు ఎన్నడూ సందేహం కలగలేదు. మనుషుల గురించి సందేహించకుండా ఒక్క రోజూ గడవలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయని మా పాస్టరు గారు ఒకసారి అడిగారు. మనిషి హృదయం మోసకరమైనదని చెప్పేది కూడా ఆ వాక్యమే కదయ్యా, నేను దాన్నీ నమ్ముతున్నాను అన్నాను. ఆయన నవ్వారు.

చిలమత్తూరు దగ్గరి ఊళ్లో ఒక కేసు చూశాను. బెంగళూరులో పనిచేసే మన అమ్మాయిని పెళ్లి చేసుకున్నానని ఒక విదేశీయుడి అర్జీ. ఇల్లు అద్దంలా ఉంది. పెళ్లి ఫోటో గోడకు వేలాడుతోంది, ఆ మేకు కొట్టినప్పుడు రాలిన సున్నం ఇంకా కింద నేల మీదే ఉంది. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని, "ఈయన లేకపోతే నేను లేను సార్" అంది. సరేనమ్మా, మీ ఆయన చేతి టీ తాగి పోతా అన్నాను. ఆయన వంటింట్లోకి వెళ్లి ఒక్కో డబ్బా మూత తీసి చూడటం మొదలుపెట్టాడు. "చక్కెర పైన ఉండాది!" అని ఆ అమ్మాయి ఇవతలి నుంచి అరిచింది. పైన లేదు. కింద ఉందంది. కిందా లేదు. చివరికి ఆమే లేచి వెళ్లి వెతికింది. ఆమెకూ దొరకలేదు. ఆ ఇల్లు ఆయనదీ కాదు, ఆమెదీ కాదు.

ఆ కేసుతో నాకు మంచి పేరు వచ్చింది. అయితే కొత్తవాళ్లకు ఇది చెప్పినప్పుడల్లా, అందరూ చక్కెర డబ్బాను పట్టుకుని వేలాడుతారు. డబ్బా దొరికిన ప్రతి మొగుడూ నిజమైనవాడు కాదు. మా ఇంట్లో చక్కెర ఎక్కడ ఉంటుందో నాకూ తెలియదు.

పార్కప్ప

పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియా వాళ్లు మా వీధుల్లో కనిపించడం మామూలైపోయింది. వాళ్లలో ఎక్కువమంది కొన్నాళ్లుండి వెళ్లిపోయేవాళ్లే. పార్క్ అనే ఒకాయన మాత్రం ఉండిపోతానన్నాడు. ఆయన ఇంజనీరు కాదు, మేనేజరూ కాదు. ఒక విడిభాగాల కంపెనీలో కొరియా వాళ్లకు అన్నం వండే మనిషి. హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో లెక్కలు చూసే భువనేశ్వరిని పెళ్లాడాడు. ఆ అమ్మాయిది ధర్మవరం, నేతపని వాళ్ల ఇల్లు. వంటగదిలో పనిచేసే మనవాళ్ల దగ్గర తెలుగు నేర్చుకున్నాడు కాబట్టి ఆయనకు వచ్చిన తెలుగంతా మా సీమ తెలుగే. వాళ్లే ఆయన్ను పార్కప్ప అని పిలిచేవాళ్లు.

భారతీయుల్ని పెళ్లాడిన విదేశీయులకు, ఆ పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిలిచి ఉంటే, జీవితాంతం ఇక్కడ ఉండనిచ్చే కార్డు ఒకటి ఇస్తారు. ఓటు ఉండదు, పొలం కొనడానికి ఉండదు, కానీ పొమ్మనేవాడు ఉండడు. పార్క్ దానికి అర్జీ పెట్టాడు. ఆయన తొందరకు కారణం ఉంది. కంపెనీ ఆ వంటశాలను మూసేస్తోంది. ఉద్యోగం పోతే ఉద్యోగం మీద వచ్చిన వీసా పోతుంది. మా నివేదిక అనుకూలంగా వెళితే ఆయన ఇక్కడ ఉంటాడు. కలిసి కాపురం చేయడం లేదని వెళితే, ఆ మచ్చతో దేశం దాటిన మనిషి మళ్లీ రావడం చాలా కష్టం.

మొదటి విచారణ చేసింది మా ఎస్సై రవికిరణ్ గారు. కృష్ణా జిల్లా మనిషి, మా జిల్లాకు వచ్చి నెల కూడా కాలేదు. చురుకైనవాడు, లంచం ముట్టనివాడు. అలాంటి అధికారి కింద పనిచేయడం అదృష్టమే కానీ, అలాంటివాళ్లకు తమ విచారణ మీద నమ్మకం కాస్త ఎక్కువగా ఉంటుంది.

"దొరికాడండీ జయరాజు గారూ," అన్నారు వస్తూనే. "హిందూపురంలో కాపురమని అర్జీలో రాశాడు. ఆ ఇంటి యజమానురాలే ఉండడని చెప్పింది. పెనుకొండలో కంపెనీ గది ఇంకా అతని పేరు మీదే ఉంది. అన్నిటికంటే విచిత్రం, అతన్నే అడిగానండీ, హిందూపురంలో ఉంటావా అని. ఉండనని ఒప్పేసుకున్నాడు!"

"అర్జీదారే ఒప్పుకున్నాడా సార్?"

"మొహమాటం కూడా పడలేదండీ. నవ్వుతూ చెప్పాడు."

హిందూపురంలో నివసించడం లేదని అర్జీదారు, యజమానురాలు ఇద్దరూ తెలిపారు, అని నివేదికలో రాశారు. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట రూఢి అయితేనే ఏ సంగతైనా నిలుస్తుందని నేను చిన్నప్పుడు నేర్చుకున్నాను. ఇక్కడ సాక్షులకు కొదవ లేదు.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. అది ఎస్సై గారికి చెప్పలేదు. ఆ పార్క్ కొన్ని నెలలుగా ఆదివారాలు మా పెనుకొండ సంఘానికి వస్తున్నాడు. హిందూపురంలో చర్చిలు లేవా? కొరియా వాళ్లు తమలో తాము ఆరాధన జరుపుకుంటారు కదా, అక్కడికి పోకుండా ఇక్కడికెందుకు? విదేశీయుల ఎంక్వైరీలు చూసే పోలీసు ఈ సంఘంలో ఉన్నాడని ఎవరో చెప్పి ఉంటారు. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే నేను కళ్లు తెరిచి చూసేవాణ్ణి. మరీ అంత భక్తి ఎవరికోసం అనుకునేవాణ్ణి.

ధర్మవరం మామ

"పెళ్లి కూడా ఉత్తుత్తిదే అయ్యుంటుంది. ధర్మవరం వెళ్లి వాళ్ల నాన్న దగ్గర ఒక మాట తీసుకు రండి. దాంతో కలిపి పంపేద్దాం," అన్నారు ఎస్సై గారు.

భువనేశ్వరి తండ్రి ఈశ్వరయ్య మగ్గం మీద ఉన్నాడు. నేను పోలీసునని తెలిసినా లేవలేదు. అల్లుడి పేరెత్తగానే మాత్రం నాడె ఆడించడం ఆపాడు.

"అల్లుడంటారేమి సార్. నేను పిలుచుకొచ్చినానా?"

"పెళ్లి మీకు ఇష్టం లేదా?"

"యా నాయనకు ఇష్టముంటాది? మాట తెలీదు, కులం తెలీదు, తినేదేందో తెలీదు. మొదటిసారి ఇంటికొచ్చి ఏం చేసినాడో తెలుసునా మీకు? మగ్గం చూస్తానని గుంతలోకి దిగి కూర్చున్యాడు. కాలు తగిలి పడుగు పోగులు తెగిపాయ. ఒక రోజు పని పాయ!"

"అయితే ఇది పేరుకు చేసుకున్న పెళ్లేనంటారా? కార్డు కోసం?"

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏం మాట సార్ అది? కార్డు కోసం వచ్చినోడైతే దండం పెట్టి, కాఫీ తాగి పోతాడు. వీడు ఆ తెగిన పోగులన్నీ అతకడం నేర్పమని పొద్దు గూకేదాకా నా పక్కనే కూర్చున్యాడు. ఒక్కటీ సరిగ్గా అతకలేదనుకో. పండగొస్తే వస్తాడు, నాతో తిట్లు తింటాడు, పోతాడు. నాకు ఇష్టం లేదనేది వేరే. పెళ్లి కాదనేది వేరే."

"మరి కలిసి ఉండటం లేదంటున్నారే?"

"ఎవరా చెప్పింది? పోయిన వారం నా కూతురు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. వీడు గురక పెడతాండాడు, నిద్ర లేదు నాయనా అని. వేరే ఊర్లో పండుకుంటే ఈయమ్మకు గురక ఎట్ల ఇనపడతాది సార్?"

కొత్తవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అర్జీదారును మెచ్చుకునే పదిమంది కంటే, అతని మీద గుర్రుగా ఉన్న ఒక్క బంధువు మాట విలువైనది. ఆ బంధువు కూడా తోడుదొంగ కావచ్చు. నేను ఆ రోజు బస్సులో వస్తూ అదీ ఆలోచించాను. మామ కావాలనే కోపం నటించాడా అనుకున్నాను. కానీ తెగిన పోగుల గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతులోని బాధ నటనైతే, ఆయన ఉండాల్సింది మగ్గం మీద కాదు.

ఎస్సై గారు అంతా విన్నారు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. అతను మీ చర్చికి వస్తాడటగా?"

"వస్తాడు సార్."

"ఆ సంగతి నాకు ముందే చెప్పలేదేం?"

"మీకంటే ఎక్కువ అనుమానం నాకే ఉంది సార్. అందుకే చెప్పలేదు."

"మీ మతం మనిషికి మీరు మద్దతుగా రాశారని రేపు ఎవరైనా అంటే?"

కోపం వచ్చింది. కానీ అడిగింది సబబే. సంచిలో రెండు రకాల తూకపు రాళ్లు పెట్టుకోవద్దని నాకు నేర్పారు. పరాయివాడికి ఒకటి, మనవాడికి ఒకటి ఉండకూడదు. నేను రెండు రాళ్లు వాడానో లేదో ఆయనకెలా తెలుస్తుంది? "నా మాట నమ్మొద్దు సార్. మీరే రండి. ఇద్దరం పోదాం. మీరే అడగండి, నేను నోరు తెరవను," అన్నాను.

హసీనమ్మ గేటు దగ్గర

హిందూపురంలో ఆ ఇంటి కింది వాటా యజమానురాలు హసీనమ్మది. పైవాటా పార్క్ దంపతులది. భర్త పోయాక ఆ ఇంటిని తన నోటితోనే కాపాడుకుంటున్న మనిషి హసీనమ్మ. మేం వెళ్లేసరికి గేటు దగ్గర మంచం వేసుకుని కరివేపాకు దూస్తోంది.

"మళ్లీ వచ్చిన్యావా సారూ?" అంది ఎస్సై గారిని చూసి. "మొన్న మోటారు మోతలో సరిగ్గా మాట్లాడనీకే కాలేదు. నీళ్లొచ్చే రోజే వస్తివి. ఈ పొద్దు కూర్చో."

ఎస్సై గారు కూర్చోలేదు. "అమ్మా, పైన పార్క్ ఉండడని మీరే కదా మొన్న చెప్పింది?"

"అవునప్పా. ఉండాడు."

ఆయన నా వైపు చూశారు, విన్నారా అన్నట్టు.

"ఉండడు. అంతే కదా?"

"అంతే. ఉండాడు."

"నేనూ అదే రాసుకున్నానమ్మా."

"రాసుకుంటివి కదా. మరి మళ్లీ ఎందుకొచ్చినావు? ఉండాడని చెప్తే రాసుకొని పోతివి, ఇప్పుడొచ్చి ఉండాడా అంటావు. ఆయప్ప ఉండాడో లేదో పైకి పోయి చూస్తే అయిపాయ కదా! గురక పెట్టి పండుకున్యాడు, ఈడికి ఇనపడతాంది!"

ఎస్సై గారి నోరు తెరుచుకునే ఉంది. నోరు తెరవనని మాట ఇచ్చింది నేను కాబట్టి నేను మెదలకుండా నిలబడ్డాను.

"ఉండాడు అంటే... ఉన్నాడనా?" అన్నారాయన మెల్లగా.

"ఉండాడంటే ఉండాడనప్పా! మీ ఊర్లో ఏమంటారు?"

"మా ఊళ్లో... ఉన్నాడు అంటామమ్మా. ఉండడు అంటే ఉండటం లేదని."

హసీనమ్మ కరివేపాకు పక్కన పెట్టింది. "అల్లా! ఉండాడంటే లేడని రాసుకుంటివా? నాతో చెప్పించి నా ఇంట్లో మనిషినే లేకుండా చేస్తివా? సదువుకున్న పిల్లోడివి, ఒక్క దీర్ఘం ఇనపడలేదా నాయనా నీకు?"

"మోటారు మోతండీ," అన్నారు ఎస్సై గారు, బడిపిల్లాడిలా.

ఆ మాటలకు పైనున్న పార్క్ లేచి మెట్ల మీదికి వచ్చాడు. వెనకే భువనేశ్వరి. ఎస్సై గారు తలెత్తి అడిగారు. "పార్క్ గారూ, ఆ రోజు మిమ్మల్ని హిందూపురంలో ఉంటారా అంటే ఏమన్నారు?"

"ఉండాను అంటి సార్," అన్నాడాయన చేతులు కట్టుకుని. ఆ నాలుక మీద దీర్ఘం సగమే పలికింది. ఉండానుకూ ఉండనుకూ మధ్యలో ఎక్కడో ఆగింది.

"పెనుకొండలో గది ఎందుకు పెట్టుకున్నావయ్యా మరి?" ఈసారి అడిగింది నేను. మాట తప్పాను, కానీ ఉండబట్టలేదు.

జవాబు హసీనమ్మ చెప్పింది. "నేనే వద్దంటి. క్యాబేజీ ఊరేస్తాడు, జాడీల నిండా. ఆ వాసనకు మా చుట్టాలు ఇంటికి రావడం మానిరి. నువ్వు ఉండు, నీ జాడీలు ఉండొద్దు అంటి. అవి ఆడ కాపురం, ఈయప్ప ఈడ కాపురం."

ఇంతలో భువనేశ్వరి అందుకుంది. "జాడీలు కాదు, నీళ్ల సంగతి అడగండి సార్. నీళ్లొచ్చే రోజు బిందెలు పట్టమంటే పండుకుంటాడు."

"పట్టినా కదా! నాలుగు!"

"నాలుగు పట్టినావా? రెండిట్లో సగమే ఉండాయి!"

వాళ్లు మమ్మల్ని మరిచిపోయి పోట్లాడుకున్నారు. ఎస్సై గారు నవ్వు ఆపుకోవడానికి వీధి వైపు తిరిగారు. పోలీసుల ముందు ప్రేమగా ఉండే దంపతుల్ని చాలామందిని చూశాను. సగం నిండిన బిందెల కోసం పోలీసుల ముందే కొట్లాడుకునేవాళ్లు తక్కువ.

వెళ్లబోతూ పార్క్‌ను పక్కకు పిలిచి నా సొంత ప్రశ్న అడిగాను. మీ వాళ్ల ఆరాధన వదిలి మా సంఘానికి ఎందుకు వస్తున్నావని.

"ఆదివారం పొద్దున టిఫిన్ డ్యూటీ సార్, పెనుకొండలో. అది అయినాక మీ కాడికి. ఆడ మా వాళ్లు అందరూ మేనేజర్లు. ప్రార్థన అయినాక వంట ఎవరు చేయాల? నేనే. మీ కాడ నాకు పెడతారు."

బాగున్న జవాబు. బాగున్న జవాబులంటే నాకు భయం.

ఎస్సై గారి నివేదిక

తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఎస్సై గారు తనలో తానే, ఉండాడు, ఉండడు, అని రెండుసార్లు అనుకున్నారు. నాకు ఆయన మీదా అనుమానమే. పాత నివేదికను చించేసి, మొదటి విచారణ జరగనే లేదన్నట్టు కొత్తది రాస్తారనుకున్నాను. అలా రాసిన పెద్ద అధికారుల్ని నేను చూశాను.

ఆయన అలా చేయలేదు. స్థానిక మాటను తాను తప్పుగా విన్నానని, తిరిగి వెళ్లి ఇంటి యజమానురాలి ఎదుటే సరిచేసుకున్నానని తన చేత్తో రాసి పైకి పంపారు. పై అధికారి ఫోన్ చేసి ఏదో అన్నారు. రవికిరణ్ గారి చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ పెట్టేసి, "తెలుగు రాదా అని అడిగారండీ," అన్నారు. నా పై అధికారుల్లో ఆయనకు పెద్ద స్థానం ఇస్తాను.

కొత్తవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. సాక్షి మాటను మీ భాషలోకి మార్చి రాయకండి. అన్నది అన్నట్టు రాసుకోండి. ఉండాడు అంటే ఉండాడు అనే రాయండి. నివసించడం లేదు అని ఎస్సై గారు ఆఫీసు భాషలో రాశాక ఆ కాగితం చూసి తప్పు పట్టగలిగేవాడు జిల్లాలో ఎవరూ లేరు. నేనూ పట్టలేకపోయేవాణ్ణి. అనుమానించండి, తప్పులేదు. కానీ ఎదుటివాడి నాలుకను అనుమానించే ముందు మీ చెవిని అనుమానించండి.

కార్డు వచ్చాక

పార్క్‌కు కార్డు వచ్చేసరికి నేను రిటైరయ్యాను. కార్డు వచ్చిందని భువనేశ్వరి ఫోన్ చేసి ఏడ్చింది, ఈసారి గురక గురించి కాదు. నేను సంతోషించాను. సంతోషిస్తూనే, ఇక ఆదివారం వస్తాడా రాడా చూద్దాం అనుకున్నాను. వంటశాల మూతపడింది, టిఫిన్ డ్యూటీ లేదు, నాతో అవసరమూ లేదు. హిందూపురం నుంచి పెనుకొండకు బస్సెక్కి రావడానికి ఆయనకు ఏ కారణమూ మిగల్లేదు.

ఆ ఆదివారం నేను ముందే వెళ్లి మందిరంలో వెనక గోడకు ఆనుకుని, తలుపు కనిపించేటట్టు కూర్చున్నాను. మొదటి పాట అయిపోయింది. ఆయన రాలేదు. నేను అనుకున్నదే నిజమైందని లోపల ఎక్కడో ఒక తృప్తి కలిగింది. అది ప్రార్థన మందిరంలో కలగాల్సిన తృప్తి కాదు.

రెండో పాటలో తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. పార్క్ లోపలికి వచ్చాడు. వెంట భువనేశ్వరి కూడా ఉంది, ఆడవాళ్ల వైపు వెళ్లి కూర్చుంది. ఆయన చాప మీదికి పోతూ పోతూ నన్ను చూసి ఆగి, నా దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు.

"సార్, ఈ పొద్దు కూడా ఎంక్వైరీయా?"

"రిటైరయినానప్పా."

"రిటైరయినా చూస్తాండారు కదా."

ఆయన నవ్వలేదు, కోపమూ పడలేదు. నా చెయ్యి పట్టుకుని లేపాడు. ముందు వరుసలో తను కూర్చునే చోటికి తీసుకుపోయి, కాస్త జరిగి, చాప మీద అరచేత్తో తట్టాడు.

"ఈడ కూర్చోండి సార్. పక్కన కూర్చుంటే నేను కనపడను."

మోకాళ్లు నొప్పిగా ఉన్నా ఆయన భుజం ఆసరాతో కూర్చున్నాను. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆరాధన ముగిసేదాకా పార్క్ కళ్లు మూసుకున్నాడో తెరిచి ఉంచాడో నాకు తెలియదు.